ఊరికే పోయే నీళ్ళు

టక్కు ఆగిపోయింది.

బస్సు దిగి మలుపు తిరగగానే మాస్టారికి ఆ సంగతి తెలిసిపోయింది. గేటు దగ్గరికి రాకముందే వినపడాల్సిన చప్పుడది. ఏటి ఒడ్డున, నిమిషానికి యాభైసార్లు, పగలనక రాత్రనక టక్కు, టక్కు, టక్కు. ఆ చప్పుడు చేసే నీళ్ళ పంపుకి ఇంట్లోవాళ్ళు పెట్టుకున్న పేరు కూడా అదే. ఇప్పుడు పిట్టల గోల తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

ఏటి బాటలో ఆయన భార్య పైకి వస్తోంది. రెండు చేతులా రెండు బకెట్లు. మొగుణ్ణి చూసింది, చూడనట్టు దాటిపోయింది.

"ఎప్పుడాగింది?" అన్నారు మాస్టారు.

"నిన్న పొద్దున పదకొండింటికి." ఆవిడ ఆగలేదు. "రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చి మొదట అడిగే మాట అదేనని అత్తయ్యతో పందెం కాశాను. గెలిచాను."

"నేను ముందు నిన్నే చూశాను కదా."

"చూసింది నన్ను. అడిగింది దాన్ని."

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెబుతారు. ఆయన గీసిన బొమ్మలో పనిచేయని యంత్రం ఇంతవరకు లేదు. బొమ్మలోంచి బయటికి వచ్చాకే వాటికి రోగాలొస్తాయి. దానంతటదే మూసుకునే గేటు చేస్తే అది ఇంటిల్లిపాదినీ బయటపెట్టి మూసుకుంది. ఎండతో నీళ్ళు కాచే పెట్టె చేస్తే అందులో చీమలు కాపురం పెట్టాయి. అందుకే, ఏటి నీళ్ళని ఇంజను లేకుండా, కరెంటు లేకుండా యాభై అడుగుల మిట్టమీదున్న తొట్టిలోకి ఎక్కిస్తానని ఆయన అన్నప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వే ఓపిక అప్పటికే అయిపోయింది.

కానీ ఎక్కించారు! ఏటికి అడ్డంగా రాళ్ళు పేర్చి, ఆరడుగుల ఎత్తునుంచి ఇనప గొట్టంలో నీళ్ళు దింపి, ఆ గొట్టం చివర రెండు వాల్వులూ, మంటలార్పే పాత సిలిండరొకటీ బిగించారు. నీళ్ళు జోరుగా దిగి మొదటి వాల్వుని టక్కున మూస్తాయి. దారి మూసుకుపోయిన నీళ్ళు ఆ ఊపులోనే రెండో వాల్వుని తోసుకుని, సన్నగొట్టంలో మిట్టెక్కుతాయి. ఊపు తగ్గగానే మొదటి వాల్వు తెరుచుకుంటుంది, కాసిని నీళ్ళు బయటికి చిమ్ముతాయి, మళ్ళీ జోరందుకుంటాయి, మళ్ళీ టక్కు. అంతే. దానికి నూనె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. మూడు వారాలుగా పైన తొట్టిలో చిటికెనవేలంత ధార ఆగకుండా పడుతోంది.

ఆ ధీమాతోనే మాస్టారు పాత డీజిలు ఇంజనుని ఇనపసామాన్లవాడికి ఇచ్చేశారు. భార్యని అడగలేదు. దానిమీద ఎంత రభస జరగాలో అంతా జరిగింది. చివరికి ఆవిడ ఒక షరతు పెట్టింది.

"ఈ పంపు నిండా ఒక్క రోజు ఆగిందంటే మా తమ్ముడి ఇంజను ఇక్కడ దిగుతుంది, మీ టక్కు ఊడుతుంది. ఆ తర్వాత ఈ ఇంట్లో మీరు పెన్సిలు పట్టుకుంటే బడి బొమ్మలకే."

"సరే" అన్నారు మాస్టారు. గెలుస్తున్న మనిషి కదా, నాకేం పోయిందనుకున్నారు.

ఇప్పుడు పోయేట్టుంది.

మిట్టమీద పచ్చవల పందిరి కింద ఆవిడ అంటు కట్టిన నిమ్మమొక్కలు ఎనిమిది వందలున్నాయి. కట్టి పన్నెండు రోజులే అయింది. అతుకు పట్టుకునేదాకా రెండు పూటలా నీళ్ళు పడాలి. ఒక పూట తప్పితే ఆకు వాలుతుంది, రెండు పూటలు తప్పితే అతుకు వదిలేస్తుంది. నిన్నటినుంచీ ఆవిడ వాటిని బకెట్లతోనే బతికిస్తోంది. అరచేతులు ఎర్రగా బొబ్బలెక్కాయి.

"తమ్ముడికి ఫోన్ చేశాను," అంది బకెట్లు దించి. "పదకొండింటికి ట్రాక్టరు మీద ఇంజను తెస్తున్నాడు."

మాస్టారు చేతిగడియారం చూసుకున్నారు. "తొమ్మిదిన్నరే అయింది. ఒక్క రోజు నిండాలంటే ఇంకా గంటన్నర ఉంది!"

"పరుగెత్తండి మరి," అందావిడ. ఆ మాటలో వెటకారం ఎంతుందో, ఆశ ఎంతుందో మాస్టారు తేల్చుకోలేకపోయారు. అసలు ఆ ప్రయత్నమే చెయ్యలేదు. సంచీ అక్కడే పడేసి పరుగెత్తారు.

పందిరి చివర స్టూలు మీద ఆయన తల్లి కూర్చుని ఉంది. కోడలి దగ్గర ఈ మధ్యే అంటు కట్టడం నేర్చుకుని, రోజుకి పదో పదిహేనో కడుతోంది పెద్దావిడ. మామూలుగా అయితే కొడుకు కనపడగానే ప్రయాణం సంగతి, భోజనం సంగతి, చిక్కిపోయిన సంగతి ఏకబిగిన అడిగే మనిషి.

"అమ్మా, అది ఎందుకాగిందో నువ్వేమైనా చూశావా?"

"నాకేం తెలుసురా మిషన్ల సంగతి," అంది ఆవిడ, చేతిలో మొక్కతో చెప్పినట్టు.

మాస్టారు అప్పటికే సగం బాట దిగిపోయారు.

ఏట్లో నీళ్ళకేం లోటు లేదు. రాళ్ళకట్ట నిండుగా ఉంది. గొట్టం మూతి దగ్గర చెత్త కూడా లేదు. మాస్టారు పంపు దగ్గర గొంతుకూర్చుని చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

నీళ్ళు చిమ్మే మొదటి వాల్వుకి ఒక ఇనప కాడ ఉంటుంది. ఎవరో ఆ కాడని పైకి లాగి, వాల్వు మళ్ళీ తెరుచుకోకుండా కట్టేశారు. చుట్టుమీద చుట్టు, పదిహేను చుట్లు, ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టీతో. ఒక్క చుక్క కారడం లేదు. చివర పొందిగ్గా ఒక ముడి.

అది మొక్కలకి అంటు కట్టే పట్టీ. అది అంటు ముడి.

మాస్టారి చెవులు వేడెక్కాయి. ఆ ముడి ఆయన భార్య సొంత ముడి. చుట్టుపక్కల ఏ తోటలోనూ ఎవరికీ రాదు. ఈ మధ్య ఇంకొకరికి నేర్పింది కానీ, ఆ ఇంకొకరి సంగతి మాస్టారి బుర్రకి తట్టలేదు. కోపం వచ్చినప్పుడు ఆయన బుర్ర ఒక వైపే తిరుగుతుంది.

ఆ పట్టీ విప్పేసి, కాడని నాలుగుసార్లు నొక్కి ఉంటే పంపు అప్పుడే నడిచేది. ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ ఆయనకిప్పుడు నీళ్ళు అక్కర్లేదు, సాక్ష్యం కావాలి. ముడి చెడకుండా పెన్సిలు చెక్కే బ్లేడుతో పట్టీని ఇవతల కోసి, మొత్తం లాగి పారేశారు. ఆ లాగడంలో వాల్వు కింది రబ్బరు బిళ్ళ కూడా చిరిగి ఊడొచ్చింది. అది ఆయన చూసుకోలేదు.

"ఏమిటిది?" అన్నారు పందిరి కిందికి వచ్చి, పట్టీ ఎత్తి చూపిస్తూ.

"పట్టీ," అంది భార్య.

"ఎక్కడ దొరికిందో తెలుసా? నా వాల్వుకి! ఉరి వేసినట్టు బిగించి కట్టేశావు. మీ తమ్ముడి ఇంజను రావాలని నీకంత పట్టుదలుంటే నాతో చెప్పొచ్చుగా! నేను ఊళ్ళో లేని రెండు రోజులు చూసుకుని..."

"చూసుకుని?"

"చాటుగా నా పంపు గొంతు నొక్కావు!"

ఆవిడ చెయ్యి చాచి పట్టీ తీసుకుంది. ముడి చూసింది.

ముడి తోక ఎడమవైపు తిరిగి ఉంది. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కరిదే. "తోక కుడికి రావాలి అత్తయ్యా" అని ఆవిడ పదిసార్లు దిద్దింది, పదిసార్లూ ఎడమకే వచ్చింది.

తలెత్తి అత్తగారి వైపు చూసింది. పెద్దావిడ కట్టేసిన అంటుకే మళ్ళీ కట్టు కడుతోంది. కొడుకు అరిచినకొద్దీ తల ఇంకా కిందికి దించుకుంటోంది.

"నువ్వేనా కాదా? అది చెప్పు," అన్నారు మాస్టారు.

"నేనే," అందావిడ.

పెద్దావిడ చేతిలో పట్టీ జారి కింద పడింది.

 కాదంటుందనీ, అప్పుడు ముడి చూపించి నిలదీయాలనీ మాస్టారు పక్కాగా గీసుకున్న బొమ్మ ఒకటుంది. నేరస్తురాలు ఇంత తొందరగా ఒప్పేసుకుంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో అందులో లేదు.

ఆవిడ బకెట్లు అందుకుని మళ్ళీ ఏటికి దిగింది, మాస్టారు పందిరి కింద అటూ ఇటూ తిరిగారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చాలాసేపటికి గేటు దగ్గర ట్రాక్టరు హారను మోగింది, అందరికీ ప్రాణం లేచొచ్చినట్టయింది.

భార్య తమ్ముడు మోటార్లు బాగుచేస్తాడు. మోటారంత గట్టిగా మాట్లాడతాడు. ట్రాలీలో ఇంజనుని తాళ్ళతో కట్టి తెచ్చాడు, సాయానికి ఇద్దరు మనుషుల్ని తెచ్చాడు.

"అక్కా! అంట్లు ఎండిపోతున్నాయని నువ్వు ఫోన్లో అన్నావు కదా, పక్కనుంచి మీ మరదలు ఏమందో తెలుసా? 'ఎండితే తోమడం కష్టం, ముందు నానబెట్టమనండి' అంది!" అని తనే పడీపడీ నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి బావ వైపు తిరిగాడు. "ఏం బావా, నీ టక్కరి పంపు మూతి ముడుచుకుందటగా? ఇంజను ఎక్కడ దించమంటావు?"

"ఇంజను దించకు," అంది అక్క.

మాస్టారి మొహం వెలిగింది. ఒక్క క్షణమే.

"దాన్ని ట్రాలీలో ఓ పక్కకి జరిపించు. నా మొక్కలెక్కించాలి. మీ కాలవగట్టు పక్కన చోటుందన్నావుగా?"

"ఉంది. ఎన్ని మొక్కలు?"

"ఎనిమిది వందలూ."

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. "అదేంటక్కా, ఇంజను పెడితే నీళ్ళు ఇక్కడే వస్తాయిగా?"

"నీళ్ళొస్తాయి. కానీ పంపు కోసం పెళ్ళాన్ని దొంగని చేసిన ఇంట్లో నేను మొక్కలు పెంచను. నేనూ మొక్కలతోనే వస్తున్నాను. ఎక్కించండి, ఎండ ముదురుతోంది."

మనుషులిద్దరూ మొక్కల సంచులు మోయడం మొదలుపెట్టారు. మొదటి వరస ఖాళీ అయింది. మాస్టారు ఆ వరస పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు, వెళ్ళనీ అన్నట్టు. రెండో వరస ఖాళీ అయ్యేసరికి కట్టుకున్న చేతులు జారిపోయాయి.

"ఆగండర్రా!" అని ఒక కేక.

పెద్దావిడ స్టూలు మీంచి లేచింది. "అమ్మాయి కట్టలేదు. నేను కట్టాను."

"నువ్వా?" అన్నారు మాస్టారు.

"నేనే. నువ్వేమన్నావురా ఆ రోజు? మన తొట్టికి ఊరికే నీళ్ళొస్తాయన్నావా లేదా?"

"ఊరికే అంటే ఖర్చు లేకుండా అనమ్మా!"

"నిన్న వెళ్ళి చూస్తే ఊరికే పోతున్నాయి! ఎగిరెగిరి ఏట్లో పడుతున్నాయి. తొమ్మిది చెంబులు పారబోసి, ఒక్క చెంబు పైకి పంపుతోంది నీ మిషను. ఆ తొమ్మిదీ కూడా పైకొస్తే అమ్మాయి మొక్కలకి మంచిదేగా అని ఆ కారే చోట కట్టేశాను." ఆవిడ గొంతులో కొంచెం గర్వం కూడా వినపడింది. "గట్టిగా కట్టాను. ఒక్క చుక్క పోలేదు."

"ఆ తొమ్మిదీ పోతేనే అమ్మా ఆ ఒక్కటీ పైకెక్కేది!"

"ఆ ముక్క నాకెవరు చెప్పారు? కట్టగానే చప్పుడాగింది. భయమేసింది. విప్పుదామంటే నా ముడి నాకే రాలేదు. అమ్మాయికి చెబుదామంటే అప్పటికే బకెట్లు మోస్తోంది. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇందాక నువ్వు దాన్ని అలా అంటుంటే నాకు నోరు పెగల్లేదురా." ఇక ఏడుపే తక్కువ.

తమ్ముడు వెనక్కి తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్టారికి కూడా నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. నవ్వు కంటే సిగ్గు చాలాసేపుంది.

భార్య వచ్చి అత్తగారిని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టింది. "పోనివ్వండి అత్తయ్యా. నా మొక్కల కోసమేగా కట్టారు," అని, వంగి మూడో వరసలో మొదటి సంచీ అందుకుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నారు మాస్టారు.

"ముడి చూడగానే తెలిసింది."

"మరి నేనే కట్టానని ఎందుకన్నావు?"

"అడగకముందే మీరు తేల్చేశారు. నువ్వు కట్టావని చెప్పారు. మళ్ళీ నేను చెప్పేదేముంది?"



"ముందు దాన్ని బతిమాలుకోరా," అంది తల్లి.

ఇరవై ఏళ్ళ కాపురంలో మాస్టారు ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. తప్పు చేసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి బాగుచేస్తారు. ఇప్పుడూ ఆయనకి అదే తోచింది. "అరగంట ఆగు! తొట్టిలో నీళ్ళు పడ్డాయంటే నువ్వే చూస్తావు!" అంటూ ఏటికేసి పరుగుతీశారు.

"అయ్యో నా ఖర్మ," అంది పెద్దావిడ.

కింద పంపు దగ్గర చూసుకుంటే రబ్బరు బిళ్ళ రెండు ముక్కలై ఉంది. ఇంకోటి లేదు. మాస్టారు అటూ ఇటూ చూసి, కుడికాలి చెప్పు తీసి, మడమ దగ్గర గుండ్రంగా గీత గీసి, బ్లేడుతో కోశారు. గీత బ్రహ్మాండంగా వచ్చింది. కొయ్యడానికే ముప్పావుగంట పట్టింది.

వాల్వు బిగించి, కాడని చేత్తో నొక్కడం మొదలుపెట్టారు. ఈ పంపు దానంతటది నడవాలంటే మొదట ఎవరో ఒకరు ఆపకుండా నొక్కుతూ ఉండాలి. బిళ్ళ ఊడినప్పుడు గొట్టంలో చేరిన గాలి పోయి, సిలిండర్లో ఒత్తిడి మళ్ళీ కూడుకుంటేనే అది ఊపందుకుంటుంది. మధ్యలో వదిలేస్తే మళ్ళీ మొదటికే.

ముప్పై. నలభై. నొక్కినప్పుడల్లా నీళ్ళు మొహాన చిమ్ముతున్నాయి.

"ఒరేయ్!" తల్లి బాట దిగి వస్తోంది, చెట్టూ పుట్టా పట్టుకుని. "అమ్మాయి బండెక్కిందిరా! మొక్కలన్నీ అయిపోయాయి!"

"యాభై మూడు. ఇంకో ముప్పై ఉందమ్మా! ఇప్పుడు వదిలితే మొత్తం మళ్ళీ నొక్కాలి!"

"పెళ్ళాం వెళ్ళిపోతోందిరా అంటే లెక్కలు చెబుతావేంట్రా! లే. లే అక్కణ్ణించి. నేను నొక్కుతాను."

"నువ్వా?"

"ఆపింది నేనేగా? చూపించు, ఎక్కడ నొక్కాలో."

పెద్దావిడ రాయి మీద కూర్చుని ఎడంచేత్తో కాడ నొక్కింది. చెంబెడు నీళ్ళు ఎగిరి ఏట్లో పడ్డాయి. ఆవిడ మొహం ముడుచుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ నొక్కింది.

మాస్టారు ఒక చెప్పుతో, తడిబట్టలతో మిట్టెక్కారు.

ట్రాలీ నిండా మొక్కలే. మధ్యలో ఇంజను, దాని పక్కన కాస్త చోటు చేసుకుని భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో కూడా రెండు మొక్కలున్నాయి. తమ్ముడు సీటు మీద ఉన్నాడు కానీ బండి ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. రాడనుకున్న బావ వచ్చేసరికి హమ్మయ్య అనుకున్నాడు.

మాస్టారు ట్రాలీ అంచు పట్టుకుని నిలబడ్డారు. రొప్పు తగ్గలేదు. చెప్పాల్సిన మాట గుండెల్లో ఉంది, నోట్లోకి రావడం లేదు. ఎంత ప్రయత్నించినా వచ్చింది ఒక్కటే.

"యాభై ఎనిమిది," అన్నారు.

"ఏంటి?"

"నేను అక్కడ... అమ్మ నొక్కుతోంది. పొరపాటైపోయింది. నువ్వలాంటి దానివి కాదు. నేను అలా అనకుండా ఉండాల్సింది."

ఆవిడ మొహంలో బిగువు కొంచెం సడలింది. ఒళ్ళో మొక్కని సవరించుకుంటూ ఆయన కాళ్ళకేసి చూసింది. "రెండో చెప్పేదీ?"

"వాల్వులో ఉంది."

తమ్ముడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ పెదవి కూడా కదిలింది. సరిగ్గా అప్పుడే కింద ఏటి ఒడ్డున టక్కుమంది. ఆగింది. మళ్ళీ టక్కు. మళ్ళీ టక్కు. ఇక ఆగలేదు.

"పట్టిందిరోయ్!" పెద్దావిడ కేక మిట్టమీదికి వినపడింది. కాసేపటికి ఖాళీ పందిరి పక్కన తొట్టిలో సన్నగా ధార పడటం మొదలైంది.

"అక్కా, దించేయమంటావా మొక్కలు?" అన్నాడు తమ్ముడు హుషారుగా.

ఆవిడ మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి. అత్తయ్య ఇవాళ నోరు విప్పకపోయుంటే, ఆ ముడి నాదేనని మీరు జన్మంతా అనుకునేవారా?"

కాదు అనాలి. రెండే అక్షరాలు. ఆవిడ ఎదురుచూసింది, తమ్ముడు ఎదురుచూశాడు, మొక్కలు మోసిన మనుషులిద్దరూ కూడా ఎదురుచూశారు. మాస్టారు నోరు తెరిచారు. ఆయనకి గీయడం వచ్చు, కొయ్యడం వచ్చు, యాభై అడుగులు నీళ్ళెక్కించడం వచ్చు. అబద్ధం ఆడటం మాత్రం రాదు.

తెరిచిన నోరు అలాగే మూసుకున్నారు.

ఆవిడ ఇంకొంచెంసేపు చూసి, తల తిప్పుకుంది.

"స్టార్ట్ చెయ్యరా తమ్ముడూ," అంది.